యూరప్ కస్టమర్ పంపిన మానవ హక్కుల ప్రశ్నావళికి బల్క్‌డ్రగ్ కంపెనీ ఎలా సిద్ధం కావాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. హైదరాబాద్ శివార్లలో 300 మంది పనిచేసే ఇంటర్మీడియెట్స్ (మందుల తయారీలో మధ్య దశ రసాయనాలు) కంపెనీలో మీరు హెచ్‌ఆర్ చూస్తున్నారు. ఆ 300 మందిలో 180 మంది కాంట్రాక్టువాళ్లు. జర్మనీ కస్టమర్ ఒకరు మానవ హక్కులు, పర్యావరణం మీద పెద్ద ప్రశ్నావళి పంపి ఆరు వారాల గడువిచ్చారు. ఎండీ గారు "మంచి పాలసీ ఒకటి రాయించి, అన్నిటికీ అవును అని పెట్టి పంపేయండి" అన్నారు. ఒక కన్సల్టెంట్ పన్నెండు పాలసీల సెట్టు వారంలో ఇస్తానంటున్నాడు. తీసుకోవాలా వద్దా అని మీ సందేహం.

నేను పదహారేళ్లు బల్క్‌డ్రగ్ (మందుల్లో వాడే అసలు రసాయనం) ఫ్యాక్టరీల్లో సేఫ్టీ, పర్యావరణం పనులు చూశాను. తర్వాత తొమ్మిదేళ్లుగా కస్టమర్ల తరఫున సప్లయర్ల దగ్గరికి ఆడిట్‌కు వెళ్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: పాలసీలు ఆఖరి వారానికి వదిలేయండి. మొదట గేటు దగ్గరికి వెళ్లండి.

రేపు రెండో షిఫ్టు మొదలైన గంట తర్వాత వెళ్లి సెక్యూరిటీని ఒక్క మాట అడగండి. ఈ నిమిషంలో లోపల ఉన్నవాళ్ల పేర్లన్నీ ఇవ్వగలవా? రోల్స్ మీద ఉన్నవాళ్లకు, అంటే కంపెనీ సొంత ఉద్యోగులకు, పంచింగ్ ఉంటుంది కాబట్టి వాళ్ల పేర్లు వస్తాయి. కాంట్రాక్టువాళ్ల దగ్గరికి వచ్చేసరికి రిజిస్టర్‌లో "ఫలానా కాంట్రాక్టర్, 22 మంది" అని అంకె మాత్రమే ఉంటే, మీ ఆరు వారాల పని అక్కడే మొదలైనట్టు. 2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు. లోపల ఎంతమంది ఉన్నారన్నది రోజుల తరబడి తేలలేదు. కుటుంబాలు ఫ్యాక్టరీ గేటుకీ ఆసుపత్రికీ మధ్య తిరిగాయి. డీఎన్ఏ పరీక్షలు చేసినా కొందరి ఆనవాళ్లు దొరకనే లేదు. పేరు కూడా తెలియని మనిషికి జీతం సరిగా అందుతోందని, అతని ఆరోగ్యం బాగుందని మీరు ఏ కాగితం మీద సంతకం పెడతారు?

ఇక ఈ ప్రశ్నావళి అసలు ఎందుకు వచ్చిందో ఎండీ గారికి చెప్పాలి. లేకపోతే ఆయన దీన్ని విదేశీయుల సతాయింపు అనుకుంటారు. 2011 జూన్‌లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి వ్యాపారానికి సంబంధించి 31 మార్గదర్శక సూత్రాలను ఆమోదించింది. జాన్ రగ్గీ అనే ఆచార్యుడు ఆరేళ్లు పనిచేసి వాటిని తయారుచేశారు. వాటి సారం మూడు మాటల్లో చెప్పొచ్చు. ప్రజల హక్కులను కాపాడటం ప్రభుత్వం పని. ఆ హక్కులకు తనవల్ల గాని, తన వ్యాపార సంబంధాల వల్ల గాని భంగం కలగకుండా చూసుకోవడం కంపెనీ పని. నష్టం జరిగితే బాధపడ్డవాళ్లకు న్యాయం దొరికే దారి ఉండాలి. "మా దగ్గర ఇన్‌స్పెక్టర్ రాలేదు కాబట్టి అంతా బాగున్నట్టే" అనే మాట ఇక్కడ చెల్లదు.

ఆ తర్వాత రెండేళ్లకే 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో రానా ప్లాజా కూలింది. 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలు పగుళ్లిచ్చాయి. అదే భవనంలో ఉన్న బ్యాంకు తన ఉద్యోగులను రావద్దంది. బట్టలు కుట్టే కార్మికులను మాత్రం లోపలికి పిలిచారు. ఆ భవనంలోని కొన్ని ఫ్యాక్టరీలు ఆడిట్లలో పాసైనవే. టిక్కులు పెట్టిన కాగితాల మీద యూరప్‌లో నమ్మకం పోయింది అప్పటి నుంచే. సప్లయర్ల దగ్గర కూడా మానవ హక్కులు, పర్యావరణం చూసుకోవాలనే జర్మనీ సరఫరా గొలుసు చట్టం 2023 జనవరి 1 నుంచి కనీసం 3,000 మంది ఉద్యోగులున్న కంపెనీలకు, 2024 నుంచి కనీసం 1,000 మంది ఉన్నవాటికి వర్తించింది. 2024లో యూరోపియన్ యూనియన్ కూడా ఇలాంటి చట్టమే తెచ్చింది. 2025లో గడువులు వెనక్కి జరిపి, పరిధి తగ్గించే పని మొదలుపెట్టింది. ఈ వార్త ఎండీ గారి చెవిన పడితే "ఇంకేం, అయిపోయిందిగా" అంటారు. అవ్వలేదు. మీ సరఫరా ఒప్పందంలో ఈ షరతులు ఇప్పటికే ఉండి ఉంటాయి, ఒకసారి తీసి చూడండి. మన దేశంలో కూడా బాధ్యతాయుత వ్యాపారం మీద 2019లో వచ్చిన జాతీయ మార్గదర్శకాల్లోని తొమ్మిది సూత్రాల్లో ఐదోది మానవ హక్కులే. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి సెబీ ఈ విషయాల మీద నివేదిక తప్పనిసరి చేసింది. కాబట్టి రేపు మీ హైదరాబాద్ కస్టమర్ కూడా ఇవే అడుగుతాడు.

ప్రశ్నావళిలో "రిస్క్" అన్న మాట చాలాచోట్ల కనిపిస్తుంది. మనం దాన్ని కంపెనీకి వచ్చే నష్టం అనుకుని జవాబు రాస్తాం: ఆర్డర్ పోవడం, జరిమానా, పేపర్లో పేరు రావడం. వాళ్లు అడిగేది మనిషికి వచ్చే నష్టం. దాన్ని తూచేది మూడు విధాలుగా. దెబ్బ ఎంత తీవ్రం, ఎంతమందికి తగులుతుంది, తర్వాత సరిచేయగలమా. ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బు తక్కువిస్తే లెక్కకట్టి తిరిగి ఇవ్వొచ్చు. ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) ట్యాంకులో ఊపిరాడక పోయిన ప్రాణాన్ని తిరిగి ఇవ్వలేం. అందుకని ముందు ట్యాంకు, తర్వాత ఓటీ. మీ జాబితా ఈ వరసలో తయారుచేస్తే కస్టమర్‌కు మీరు విషయం అర్థం చేసుకున్నారని మొదటి పేజీలోనే తెలుస్తుంది.

ఆ ట్యాంకు సంగతే ముందు చెబుతాను, ఎందుకంటే మన ఫ్యాక్టరీల్లో మళ్లీ మళ్లీ మనుషులు పోయేది అక్కడే. ఈటీపీ సంపులో, కలెక్షన్ ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పేరుకుంటుంది. రియాక్టర్‌లో నైట్రోజన్ నిండి ఉంటుంది. ఒకడు దిగి పడిపోతాడు, అతన్ని లాగబోయి రెండోవాడు, మూడోవాడు పడిపోతారు. గాలిలో ఆక్సిజన్ మామూలుగా 20.9 శాతం ఉంటుంది, 19.5 కంటే తగ్గితే లోపలికి మనిషిని పంపకూడదు. ఈ అంకె మీ సేఫ్టీ ఆఫీసర్‌కు తెలుసు, లోపలికి దిగడానికిచ్చే పర్మిట్ కాగితం మీద కూడా ఉంటుంది. కానీ ఆ కాగితం ఏ భాషలో ఉంది? దిగేది ఒడియా కుర్రాడు, పర్మిట్ ఇంగ్లిష్‌లో, గోడ మీద బోర్డు తెలుగులో. నేను ఆడిట్‌కు వెళ్లినప్పుడు పర్మిట్ ఫైలు అడగను. పర్మిట్ మీద పేరున్న మనిషిని పిలిపించి, దిగేముందు ఏం చూశావు అని అతని భాషలో అడిగిస్తాను. జవాబు రాకపోతే ఆ ఫైలుకు విలువ లేదు. మీరూ ఈ వారంలో పదిమందిని ఇలా అడిగి చూడండి. ఒడియా, హిందీ, బెంగాలీ తెలిసిన సీనియర్ హెల్పర్లు మీ దగ్గరే ఉంటారు. వాళ్లకు రోజుకు ఓ గంట శిక్షణ ఇచ్చే బాధ్యత అప్పగించి, దానికి అదనంగా డబ్బివ్వండి.

వైద్య పరీక్షల సంగతి కూడా ఇందులోదే. ప్రమాదకరమైన ప్రక్రియల్లో పనిచేసేవాళ్లకు చేరేముందు, తర్వాత ఏడాదికి ఒక్కసారైనా పరీక్ష చేయాలన్నది భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన నిబంధన. చాలా చోట్ల రోల్స్ మీద ఉన్నవాళ్లకే చేస్తారు. సాల్వెంట్ డ్రమ్ములు మోసేది, సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి ద్రవాన్ని వేరుచేసే యంత్రం) దగ్గర వెట్ కేక్ (తడి ముద్ద) తీసేది మాత్రం కాంట్రాక్టువాళ్లు. పరీక్ష చేసినా రిపోర్టు ఫైల్లోకి పోతుంది తప్ప ఆ మనిషి చేతికి రాదు. అది అతని ఒంటి సంగతి. అతనికి ఇవ్వండి, అతని భాషలో చెప్పించండి.

ఇప్పుడు డబ్బు. దీనిమీద కొంచెం పెద్దగా రాస్తాను, ఎందుకంటే మీ 180 మంది విషయంలో కాగితానికీ నిజానికీ దూరం ఎక్కువుండేది ఇక్కడే.

పధ్నాలుగేళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో యాసిడ్ డ్రమ్ము దించుతుంటే ఒక హెల్పర్ మీద పడింది. గంజాం జిల్లా కుర్రాడు, అప్పటికి ఏడు నెలలుగా మా దగ్గర పనిచేస్తున్నాడు. నెలనెలా అతని కూలిలోంచి ఈఎస్‌ఐ పేరుతో డబ్బు కోశారు. ఆసుపత్రికి తీసుకెళ్లాక తెలిసింది, కాంట్రాక్టర్ అతని పేరు నమోదు చేసింది ఆ రోజు సాయంత్రం నాలుగింటికి. ప్రమాదం జరిగింది పొద్దున పదకొండుకు. క్లెయిం నెలల తరబడి నలిగింది. ఆ కాంట్రాక్టర్ బిల్లుల మీద సేఫ్టీ తరఫున ప్రతి నెలా సంతకం పెట్టింది నేనే. చలానా మీద మొత్తం అంకె సరిపోయిందా లేదా చూశాను గాని, అందులో ఎవరెవరి పేర్లున్నాయో ఒక్కసారీ చూడలేదు. ఆ తప్పు నాది. అప్పటి నుంచి ఏ ఆడిట్‌కు వెళ్లినా మొదట చూసేది ఒక్కటే: గేటు పాస్ ఇచ్చిన తేదీ, ఈఎస్‌ఐ నంబరు పుట్టిన తేదీ. ఈ రెండూ పక్కపక్కన పెట్టండి. పావుగంటలో కాంట్రాక్టర్ తీరు తెలిసిపోతుంది.

ఈఎస్‌ఐ కింద యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడతారు, నెలకు 21,000 వరకు జీతమున్నవాళ్లకు. పీఎఫ్‌లో చెరో 12 శాతం. కాంట్రాక్టర్ కట్టకపోతే ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌గా (పని చేయించుకునే అసలు యజమానిగా) మీ కంపెనీయే కట్టాలి, కూలి ఎగ్గొట్టినా మీరే ఇవ్వాలి. కాబట్టి ఎండీ గారికి ఇది దయాధర్మంగా చెప్పనక్కర్లేదు, బాకీగా చెప్పండి. ఇరవై మందిని మీరే ఎంచుకుని వాళ్ల ఫోన్లలో పీఎఫ్ పాస్‌బుక్, బ్యాంకు మెసేజీలు చూపించమనండి. జీతం ఖాతాలో పడ్డ మర్నాడే అందరి ఖాతాల నుంచి ఒకే మొత్తం, ఒకే ఏటీఎంలో తీసినట్టుంటే కార్డులు మేస్త్రీ దగ్గర ఉన్నట్టే లెక్క. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రతి ఒక్కరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఉండాలి. ఓటీకి రెట్టింపు కూలి పాత చట్టంలో ఉన్నదే, ఇప్పుడు దానికి కార్మికుడి ఒప్పుదల కూడా కావాలి. పక్క రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లకు సొంతూరికి వెళ్లి రావడానికి ప్రయాణ ఖర్చు ఇవ్వాలన్నదీ ఉంది. కాంట్రాక్టర్ల ఒప్పందాల్లో ఇవి చేరాయో లేదో లీగల్‌వాళ్లతో చూపించుకోండి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల బాధ మనకు కొత్త కాదు. ఏజెంటుకు అప్పుచేసి కట్టడం, అక్కడ పాస్‌పోర్టు యజమాని లాక్కోవడం, ఇరుకు గదిలో పదిమంది పడుకోవడం, అప్పు తీరేదాకా ఏమొచ్చినా నోరు మూసుకుని ఉండటం. ఆ కథలు విని మనం బాధపడతాం, కోపం తెచ్చుకుంటాం. మన ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో ఉన్న గంజాం కుర్రాడికి మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, మేస్త్రీ దాచుకున్న ఒరిజినల్ ఆధార్ కార్డు అచ్చం అలాంటివే. ప్రశ్నావళిలో "బలవంతపు శ్రమ" అన్న చోట అందరూ కళ్లు మూసుకుని "మా దగ్గర లేదు" అని రాస్తారు. ఆ షెడ్డుకు ఒక రాత్రి వెళ్లి చూశాక రాయండి. పని ఇప్పించినందుకు కార్మికుడి దగ్గర ఎవరైనా డబ్బు తీసుకుని ఉంటే, ఆ డబ్బు తిరిగి ఇప్పించే ఏర్పాటు చేసి, అదే విషయం జవాబులో రాయండి.

ఫిర్యాదుల సంగతి. మీ దగ్గర ఒక పెట్టె ఉండే ఉంటుంది, సీసీ కెమెరా కింద, తాళంచెవి హెచ్‌ఆర్ దగ్గర. అందులో దుమ్ము తప్ప ఏమీ ఉండదు. దాన్ని సైకిల్ స్టాండు వైపు మార్చండి, ఇంకా మంచిది ఒక ఫోన్ నంబరు పెట్టి, మిస్డ్ కాల్ ఇస్తే వాళ్ల భాషలో తిరిగి మాట్లాడే మనిషిని ఏర్పాటు చేయండి. ఆ మనిషి కాంట్రాక్టర్‌కు చుట్టమూ కాకూడదు, ప్రొడక్షన్ కింద పనిచేసేవాడూ కాకూడదు. మొదట వచ్చే పది ఫిర్యాదులు కచ్చితంగా క్యాంటీన్ పప్పు గురించి, మరుగుదొడ్ల గురించే ఉంటాయి. వాటిని తేలిగ్గా తీసుకోకండి. కార్మికులు మిమ్మల్ని పరీక్షిస్తున్నారు. వారంలో మరుగుదొడ్డికి గడియ పెట్టిస్తే, రెండో నెలలో కూలి కోత గురించి చెబుతారు, ఆరో నెలలో సూపర్‌వైజర్ చేయి వేసిన సంగతి ఒక ఆడమనిషి చెబుతుంది. లైంగిక వేధింపుల విషయాలు చూసే అంతర్గత కమిటీ పదిమంది ఉన్న ఏ సంస్థలోనైనా 2013 చట్టం ప్రకారం ఉండాలి, అందులో బయటి నుంచి ఒక సభ్యుడో సభ్యురాలో కూడా ఉండాలి. ప్యాకింగ్‌లో పనిచేసే కాంట్రాక్టు మహిళలకు ఆ సభ్యుల పేర్లు తెలుసా? అడగండి.

ఇక పర్యావరణం. చాలా కంపెనీలు మానవ హక్కులు హెచ్‌ఆర్‌కు, ఎఫ్లుయెంట్ (ఫ్యాక్టరీ వ్యర్థజలం) ఈహెచ్‌ఎస్‌కు, అంటే పర్యావరణం, ఆరోగ్యం, సేఫ్టీ విభాగానికి పంచేసి, రెండు వేరువేరు జవాబులు రాస్తాయి. పటాన్‌చెరు, బొల్లారం చరిత్ర తెలిసినవాళ్లెవరూ అలా రాయలేరు. ఫ్యాక్టరీల వ్యర్థజలాలతో నక్కవాగు పొడుగునా పొలాలు, బావులు పాడైపోయి ఊళ్లవాళ్లు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించారు. అది శుద్ధి చేశాక వచ్చిన నీరు. మందులకు లొంగని క్రిములు అలాంటి నీటిలోనే పెరుగుతాయి. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల ప్రమాణాల ముసాయిదాలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెట్టింది, 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో అవి లేవు. చట్టంలో లేదు కదా అని మీ ఎండీ గారు అనొచ్చు. మీ ఇంటర్మీడియెట్ యాంటీబయాటిక్‌కు వెళ్లేదైతే కస్టమర్ మాత్రం తప్పక అడుగుతాడు, అడగాలి కూడా.

జీరో లిక్విడ్ డిశ్చార్జ్ (వ్యర్థజలం చుక్క కూడా బయటికి వదలని ఏర్పాటు) ఉందని మీరు రాస్తారు. దాన్ని ఆడిటర్ ఎలా పరీక్షిస్తాడో చెబుతాను, ముందు మీరే చేసి చూసుకోండి. మీ హై టీడీఎస్ (కరిగిన లవణాలు ఎక్కువున్న) ఎఫ్లుయెంట్ రోజుకు 20 కిలోలీటర్లు, టీడీఎస్ లీటరుకు 40,000 మిల్లీగ్రాములు అనుకుందాం. అంటే కిలోలీటరుకు 40 కిలోల ఉప్పు, రోజుకు 800 కిలోలు, నెలకు 24 టన్నులు. ఎంఈఈ (ఆ నీటిని ఆవిరిచేసి ఉప్పు వేరుచేసే యంత్రం) నిజంగా నడిస్తే ఆ ఉప్పు ఎక్కడికీ పోదు, తడితో కలిపి అంతకంటే కొంచెం ఎక్కువే దుండిగల్ వ్యర్థాల కేంద్రానికి లారీల్లో వెళ్లాలి. మ్యానిఫెస్టుల్లో (వ్యర్థాల లారీతో పంపే పత్రాల్లో) నెలకు ఆరు టన్నులే కనిపిస్తే మిగిలిన పద్దెనిమిది టన్నులు ఎక్కడున్నాయి? వర్షాకాలంలో రాత్రిపూట వాగులో కలిసినట్టు. ఎంఈఈ స్టీమ్ రిజిస్టర్, బాయిలర్ బొగ్గు బిల్లులు కూడా ఇదే లెక్కకు సరిపోవాలి. ఈ లెక్క తప్పితే ఎంత అందమైన సస్టైనబిలిటీ రిపోర్టు ముందు పెట్టినా నేను పుస్తకం మూసేస్తాను. సాల్వెంట్ రికవరీ, కరెంటు, కార్బన్ లెక్కలు కూడా అడుగుతారు. బిల్లులు చేతిలో ఉంటే అవి రెండు రోజుల పని, వాటి గురించి కంగారు అక్కర్లేదు.

పక్క ఊరికి వెళ్లండి. సర్పంచ్‌ను కలిసి వినాయక చవితి చందా ఇచ్చి రావడం కాదు. ఫ్యాక్టరీకి పల్లంలో ఉన్న బోర్ల నీళ్లు పరీక్ష చేయించి, ఫలితం గ్రామ పంచాయతీ గోడ మీద అంటించండి. ప్రమాదం జరిగితే ఏం చేయాలో ఊళ్లోవాళ్లకు తెలుసా అడగండి. 2020 మే 7న విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరిమీదికి వచ్చిన తెల్లవారుజామున సైరన్ మోగలేదని ప్రభుత్వ కమిటీయే తేల్చింది. పన్నెండు మంది పోయారు. మీ సైరన్ ఊళ్లోకి వినిపిస్తుందో లేదో ఒక మాక్ డ్రిల్ రోజు ఊరి రచ్చబండ దగ్గర నిలబడి మీరే వినండి.

ఇంత చూశాక ప్రశ్నావళి తెరవండి. లేని చోట "లేదు" అని రాసి, పక్కన ఎవరు, ఏ తేదీలోపు, ఎంత ఖర్చుతో చేస్తారో రాయండి. అన్నిటికీ అవును అని వచ్చిన ప్రశ్నావళిని చూస్తే మాకు వెంటనే అనుమానం వస్తుంది, ఆ కంపెనీకే ముందు ఆడిట్ పెడతాం. "ఇరవై మందిని పరిశీలించాం, ఏడుగురికి పీఎఫ్ జమ కాలేదు, కాంట్రాక్టర్ బిల్లు ఆపి కట్టించాం" అన్న జవాబు వస్తే ఆ సప్లయర్‌ను వదులుకోవద్దని కస్టమర్‌కు నేనే రాస్తాను. అలా రాసిన సందర్భాలున్నాయి.

కస్టమర్‌ను కూడా అడగాల్సింది అడగండి, మొహమాటపడకండి. ఏటా రేటు తగ్గించమని, ఆర్డర్‌ను మూడు వారాల్లో ఇమ్మని ఒత్తిడి పెట్టేది వాళ్ల కొనుగోలు విభాగమే. ఆ ఒత్తిడే మీ దగ్గర పన్నెండు గంటల షిఫ్టుగా మారుతోంది. డెలివరీ షెడ్యూలు ముందుగా ఇవ్వమని, చెల్లింపులు ఆలస్యం చేయవద్దని, కాంట్రాక్టు కూలీ పెంపును రేటులో కలపమని మీ జవాబుతోపాటే రాయండి.

కన్సల్టెంట్ పాలసీల సెట్టు ఇప్పుడు కొనకండి. ఐదో వారం చివర, చూసినవన్నీ చేతిలో పెట్టుకుని, రెండు పేజీల్లో మీరే రాయండి. ఎండీ గారి సంతకం పెట్టించి ఒడియా, హిందీ, తెలుగుల్లో గేటు దగ్గర చదివి వినిపించండి.

గేటు రిజిస్టర్, ఈఎస్‌ఐ తేదీల పట్టిక తయారయ్యాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. ఎంఈఈ ఉప్పు లెక్క సరిపోకపోతే కూడా రాయండి. అది తొందరగా తేల్చాల్సిన విషయం.